సెకండ్ హ్యాండ్ కార్ల వ్యాపారం పెట్టాలంటే: ఏ లైసెన్సు ముందు, ఏది తర్వాత

"అన్నా, కార్ల కన్సల్టెన్సీ పెడదామనుకుంటున్నా, ఏం లైసెన్సు కావాలి?" అని ఎవరైనా అడిగితే కొన్నేళ్ల కిందటిదాకా మా జవాబు ఒకటే ఉండేది. రోడ్డు మీద మంచి జాగా చూసుకో, బోర్డు పెట్టు, ఆర్టీఏ ఆఫీసు దగ్గర తెలిసిన ఏజెంటుని పట్టుకో, అంతే. హనుమకొండలో నేను మొదలుపెట్టినప్పుడు మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు తప్ప నా దగ్గర ఇంకో కాగితం లేదు, ఎవరూ అడగనూ లేదు. ఇప్పుడు అలా కుదరదు. కేంద్ర మోటారు వాహనాల నియమాలను 2022 డిసెంబరులో సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, దాని ప్రకారం రిజిస్టర్ అయిన బండ్లను కొని అమ్మేవాళ్లు రవాణా శాఖ దగ్గర 'ఆథరైజ్డ్ డీలర్' సర్టిఫికెట్ తీసుకోవాలి. చుట్టూ ఉన్న కన్సల్టెన్సీల్లో ఎంతమంది తీసుకున్నారని మాత్రం నన్ను అడగొద్దు. మీరు కొత్తగా పెడుతున్నారు కాబట్టి సరిగ్గా పెట్టండి.

ముందుగా ఒక గందరగోళం తీర్చేస్తా. 'ట్రేడ్' అన్న మాటతో రెండు వేరే కాగితాలున్నాయి. ట్రేడ్ లైసెన్సు మున్సిపాలిటీ ఇచ్చేది, ఫలానా చోట ఫలానా వ్యాపారం చేసుకోవచ్చని. ట్రేడ్ సర్టిఫికెట్ ఆర్టీఏ ఇచ్చేది, కానీ అది కొత్త బండ్ల షోరూంలకు, ఇంకా రిజిస్ట్రేషన్ కాని బండిని రోడ్డు మీద తిప్పడానికి. మీరు అమ్మే కారుకు నంబరు ప్లేటు ముందే ఉంది కాబట్టి మీకు దాంతో పనిలేదు. ఎవరైనా ఏజెంటు "ట్రేడ్ సర్టిఫికెట్ తీసిస్తా, ఇంత అవుతుంది" అంటే నవ్వి ఊరుకోండి. మీకు కావలసింది ఫారం 29ఏ మీద దరఖాస్తు పెడితే వచ్చే 29బీ, పైన చెప్పిన ఆథరైజ్డ్ డీలర్ సర్టిఫికెట్ అదే. ఈ రెండు నంబర్లు గుర్తుపెట్టుకోండి, కౌంటర్‌లో కూర్చున్న గుమాస్తాకు కూడా కొన్నిసార్లు మీరే గుర్తుచేయాల్సి వస్తుంది.

జాగా, ఫర్మ్

అన్ని లైసెన్సులూ జాగా మీదే ఆధారపడతాయి. చిరునామా లేకుండా జీఎస్టీ రాదు, జీఎస్టీ లేకుండా పెద్ద ఫైనాన్స్ కంపెనీ మీ గడప తొక్కదు. అందుకని ముందు జాగా. అద్దెకు తీసుకుంటే పదకొండు నెలల నోటరీ అగ్రిమెంటుతో సరిపెట్టుకోకండి, కనీసం ఐదేళ్లకు రాయించుకుని రిజిస్ట్రేషన్ చేయించండి. ఐదేళ్లు ఎందుకంటే ఆథరైజేషన్ చెల్లేది కూడా ఐదేళ్లే, మధ్యలో ఓనరు ఖాళీ చేయమంటే చిరునామా మార్పు కోసం మళ్లీ ప్రతి ఆఫీసూ తిరగాలి. కరెంటు మీటరు ఇంటి కేటగిరీలో ఉంటే కమర్షియల్‌కు మార్పించండి, లేకపోతే ఆరు నెలల తర్వాత తనిఖీకి వచ్చినవాళ్లు పాత బకాయి కూడా లెక్కగడతారు. కార్లు నిలిపే చోటు మీ గేటు లోపలే ఉండాలి. ఫుట్‌పాత్ మీద నాలుగు కార్లు పెట్టి "ఇదే నా షోరూం" అంటే వచ్చేది లైసెన్సు కాదు, ట్రాఫిక్ పోలీసు క్రేన్.

ఫర్మ్ విషయంలో ఎక్కువ ఆలోచించకండి. ఒక్కరే అయితే ప్రొప్రైటర్‌షిప్ చాలు, మీ పాన్‌తోనే నడుస్తుంది. బావమరిదో స్నేహితుడో డబ్బు పెడుతుంటే మాత్రం పార్ట్‌నర్‌షిప్ డీడ్ రాసి రిజిస్టర్ చేయించండి. మనవాళ్లలో మాటమీద మొదలైన కన్సల్టెన్సీలు ఎన్ని కొట్లాటలతో మూతపడ్డాయో మీకూ తెలిసే ఉంటుంది. ఫర్మ్ పేరు మీద కరెంట్ అకౌంట్ తెరవండి, కార్ల డబ్బు అంతా అందులోంచే పోవాలి, అందులోకే రావాలి. ఎందుకో కింద చెప్తా.

చిన్న లైసెన్సులు

ఇవి తొందరగా అయిపోతాయి. మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు, హైదరాబాద్‌లో అయితే జాగా విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పు చూసి ఫీజు వేస్తారు, కాబట్టి ఓపెన్ యార్డు పెద్దదైతే ఫీజు కూడా పెద్దదే, ఏటా రెన్యువల్. లేబర్ లైసెన్సు అని మనం పిలిచేది షాపులు, సంస్థల చట్టం కింద రిజిస్ట్రేషన్, షాపు తెరిచిన ముప్పై రోజుల్లోపు చేయాలి, కార్లు కడిగే పిల్లాడు ఒక్కడే ఉన్నా సరే. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా చేసి పెట్టుకోండి, బ్యాంకు లోనుకు పనికొస్తుంది. అది ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం, పది నిమిషాల పని. దానికి రెండు వేలు అడిగే వెబ్‌సైట్లు బోలెడున్నాయి, జాగ్రత్త.

జీఎస్టీ: చాలామంది తప్పు లెక్క వేసేది ఇక్కడే

సరుకులు అమ్మేవాళ్లకు ఏడాది టర్నోవర్ తెలంగాణలో 20 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మీరు ఆ గీత దగ్గర ఆగి చూద్దాంలే అనుకోకండి, మొదటిరోజే తీసుకోండి. అగ్రిమెంటు కాపీ, కరెంటు బిల్లు, బోర్డుతో సహా షాపు ఫొటో, ఆధార్, పాన్, ఇవి ఉంటే మీ ఆడిటర్ పెట్టేస్తాడు. బోర్డు మీద రాసిన పేరు, దరఖాస్తులో రాసిన పేరు అక్షరం తేడా లేకుండా ఉండేలా చూసుకోండి.

పన్ను కారు మొత్తం ధర మీద కాదు, మీ మార్జిన్ మీద. అంటే కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా మీద 18 శాతం. ఒకప్పుడు చిన్న కార్లకు 12 శాతం ఉండేది, 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశం తర్వాత, 2025 జనవరి 16 నుంచి అన్నిటికీ, ఎలక్ట్రిక్ కార్లకు కూడా, 18 చేశారు. పాత 12 శాతం లెక్కలు ఇంకా వాట్సాప్‌లో తిరుగుతున్నాయి, నమ్మకండి. నష్టానికి అమ్మితే ఆ కారు మీద పన్ను లేదు. కారు కొన్నప్పుడు దాని మీద ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుంటే, అంటే కొనుగోలులో కట్టిన జీఎస్టీని మీ పన్నులో తగ్గించుకుంటే మాత్రం ఈ మార్జిన్ సౌకర్యం పోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఒక కారు 4,20,000కు కొన్నారు. టైర్లు, క్లచ్, డెంటింగ్ పెయింటింగ్ కలిపి 30,000 పెట్టారు. 4,80,000కు అమ్మారు. మీ మనసులో లాభం 30,000. జీఎస్టీ దృష్టిలో మార్జిన్ 60,000, ఎందుకంటే రిపేరు ఖర్చు కొన్న ధరలో కలవదు. కొనేవాడిని పన్ను విడిగా అడిగితే పక్క షాపుకి పోతాడు కాబట్టి ఆ అరవై వేలలోంచే తీసి కడతారు, అది సుమారు 9,150. మీకు మిగిలింది 21 వేల లోపు, అందులోంచి అద్దె, జీతం, ట్రాన్స్‌ఫర్ ఖర్చు. మొదటి ఏడాది నేను ఈ లెక్క వేయకుండానే బేరాలు ఆడాను, రిటర్న్ వేసేటప్పుడు ఆడిటర్ చెప్పిన అంకె విని ఆ రాత్రి అన్నం సహించలేదు. అందుకే బేరం ఆడేటప్పుడే రిపేరు అంచనా పక్కన పన్ను కూడా రాసుకోండి.

పార్క్ అండ్ సేల్ చేస్తే, అంటే ఓనరు కారును మీ దగ్గర పెట్టి వెళ్తే మీరు అమ్మిపెట్టి కమీషన్ తీసుకుంటే, పన్ను మీ కమీషన్ మీద పడుతుంది. పెట్టుబడి తక్కువ ఉన్నవాళ్లకు మొదట్లో ఇదే మేలు. కానీ కారు మీ గేటు లోపలికి వచ్చింది కాబట్టి కారు మీకు అప్పగించారని ఆర్టీఏకు తెలిపే ఫారం 29సీ, కింద చెప్పబోయేది, దీనికీ పెట్టాలి.

ఆర్టీఏ ఆథరైజేషన్

దరఖాస్తు పెట్టే ముందు మీ జాగా ఏ ఆఫీసు పరిధిలోకి వస్తుందో కనుక్కుని, మీరే స్వయంగా వెళ్లండి. హైదరాబాద్ లాంటి చోట ఒక వీధి ఇటు వేరే ఆఫీసు, అటు వేరే ఆఫీసు. అక్కడ "యూజ్డ్ కార్ షోరూం పర్మిషన్" అని అడిగితే అయోమయంగా చూస్తారు, "రిజిస్టర్ అయిన వాహనాల డీలర్ ఆథరైజేషన్, ఫారం 29ఏ" అని అడగండి. నియమాల్లో 55ఏ నుంచి మొదలయ్యే భాగం ప్రింటు తీసి చేతిలో పెట్టుకెళ్తే ఇంకా మంచిది. వెటకారానికి చెప్పడం లేదు, ఆ ప్రింటు వల్ల నాకు రెండు తిరుగుళ్లు తప్పాయి.

దరఖాస్తుతో పాటు ఫీజు 25,000 రూపాయలు, వచ్చే సర్టిఫికెట్ ఐదేళ్లు చెల్లుతుంది, అంటే ఏడాదికి ఐదు వేలు. ఒక్క బేరంలో వచ్చే కమీషన్. అగ్రిమెంటు, జీఎస్టీ సర్టిఫికెట్, ట్రేడ్ లైసెన్సు, ఫర్మ్ కాగితాలు, పాన్, ఆధార్, లోపల బయట తీసిన ఫొటోలు, ఇవన్నీ రెండేసి సెట్లు చేసి ఒక ఫైల్లో పెట్టుకోండి. తనిఖీకి వస్తే కార్లు నిలిపే చోటు, ఆఫీసు గది, కంప్యూటర్ కనిపించాలి. దరఖాస్తు మీద ముప్పై రోజుల్లో తేల్చాలని నియమం చెబుతోంది. అందుకే ఇచ్చినరోజు తేదీతో రసీదు తీసుకోవడం మర్చిపోకండి, గడువు లెక్క ఆ తేదీ నుంచే.

29బీ చేతికొచ్చాక అందరికీ కనిపించేలా ఫ్రేము కట్టి గోడకు తగిలించండి. అయితే ఫ్రేము కట్టేసి లైసెన్సు పనయిపోయిందనుకునేవాళ్లు చాలామంది. దాని అసలు ఉపయోగం ఆ తర్వాత వచ్చే ప్రతి కారుతో మొదలవుతుంది.

ప్రతి కారుకూ 29సీ

మనవాళ్ల అలవాటు ఏమిటో మీకు తెలుసు. ఓనరు దగ్గర ఓనర్‌షిప్ ట్రాన్స్‌ఫర్‌కు పెట్టే ఫారం 29, ఫారం 30 మీద ఖాళీ సంతకాలు తీసుకుంటాం, డబ్బు ఇచ్చి కారు తెచ్చుకుంటాం, కొనేవాడు దొరికినప్పుడు వాడి పేరు నింపుతాం. ఆ మధ్యలో నెల పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు. కొన్నవాడు ఇంకో బ్రోకరే అయితే ఆ ఖాళీ ఫారాలు అలాగే చేతులు మారతాయి. ఆర్సీలో మాత్రం మొదటి ఓనరు పేరే.

2019లో నేను అలాగే ఒక స్విఫ్ట్ అమ్మాను. ఆర్సీ మా ఊరి రిటైర్డ్ టీచరుగారి పేరు మీద. కొన్నతను "రేపు ట్రాన్స్‌ఫర్ చేయించుకుంటా అన్నా" అని తీసుకెళ్లి నాలుగు నెలల్లో ఇంకొకరికి అమ్మేశాడు. మొదట సార్ ఫోన్‌కు చలాన్ల మెసేజ్‌లు వచ్చాయి, నేను "కట్టేస్తాలెండి సార్" అని కట్టాను. తర్వాత ఒకరోజు వేరే జిల్లా స్టేషన్ నుంచి ఫోను, ఆ కారు ఎవరినో గుద్ది వెళ్లిపోయిందని. డెబ్బై ఏళ్ల మనిషి, స్టేషన్ గడప ఎప్పుడూ తొక్కనివాడు, నా వల్ల మూడుసార్లు వెళ్లి కూర్చున్నాడు. "నువ్వు నా దగ్గర చదువుకున్నోడివే గదరా" అని ఒక్క మాట అన్నాడు, అంతే. కారును వెతికి పట్టుకుని ట్రాన్స్‌ఫర్ చేయించేసరికి నాకు ఆరు వారాలు పట్టింది.

చట్టం కూడా అటువైపే ఉంది. కారు ఎన్ని చేతులు మారినా ఆర్టీఏ రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పేసింది. 2025 నవంబరులో ఢిల్లీ ఎర్రకోట దగ్గర పేలుడుకు వాడిన కారు కూడా అలా చేతులు మారిన సెకండ్ హ్యాండ్ కారే, పోలీసులు ముందు వెళ్లింది ఎప్పుడో అమ్మేసుకున్న ఓనరు దగ్గరికి.

29సీ ఈ ఖాళీని పూడ్చడానికే. ఓనరు కారును మీకు అప్పగించగానే మీరిద్దరూ కలిసి రవాణా శాఖ పోర్టల్‌లో ఆ సమాచారం ఇస్తారు. అది నమోదైన క్షణం నుంచి చట్టం దృష్టిలో ఆ కారుకు ఓనరుతో సమానం మీరే. ఆ తర్వాత జరిగే ప్రతిదానికీ, ప్రమాదమైనా చలానైనా, బాధ్యత మీది. భయపడాల్సిన పనిలేదు, దాంతోపాటు మీకు అధికారం కూడా వస్తుంది. ఆర్సీ రెన్యువల్, ఫిట్‌నెస్ రెన్యువల్, డూప్లికేట్ ఆర్సీ, వేరే రాష్ట్రానికి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), కొనేవాడి పేరు మీద ట్రాన్స్‌ఫర్, వీటన్నిటికీ మీరే దరఖాస్తు చేయొచ్చు. పాత ఓనరు అమెరికా వెళ్లిపోయాడు, ఫోన్ ఎత్తడం లేదు, ఓటీపీ చెప్పడం లేదు, ఈ టెన్షన్లలో చాలావరకు పోతాయి.

29సీ పెట్టే ముందు ఇవి చూసుకోండి, ఎందుకంటే పెట్టాక కారు మీ మెడకు చుట్టుకున్నట్టే. ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు తీసి ఆర్సీతో కలపండి. చలాన్లు చూడండి. దొంగబండి రికార్డుల్లో ఉందేమో ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) వాళ్ల పోర్టల్‌లో వెతికితే తెలుస్తుంది, అక్కడే ఎన్ఓసీ ప్రింటు కూడా వస్తుంది. ఆర్సీలో హెచ్‌పీ ఉంటే, అంటే కారు మీద లోను ఉన్నట్టు రాసి ఉంటే, బాకీ డబ్బు ఓనరు చేతికి ఇవ్వకండి, లోను మూసేయడానికి ఎంత కట్టాలో చెప్పే ఫోర్‌క్లోజర్ లెటర్ తెప్పించి నేరుగా లోన్ అకౌంటుకే కట్టండి, మిగిలిందే ఓనరుకు. బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ, ఆర్సీలోంచి హెచ్‌పీ తీసేయడానికి ఇచ్చే ఫారం 35 మీద తేదీ చూసుకోండి, వాటికి గడువు ఉంటుంది. ఢిల్లీ, హర్యానా డీజిల్ కార్లు చవగ్గా కనిపిస్తాయి, కానీ అక్కడి ఎన్ఓసీ, ఇక్కడ కట్టే లైఫ్ ట్యాక్స్ కలిపాక ఆ చవక ఎంత మిగిలిందో కాగితం మీద రాసి చూడండి.

ఇంకో నియమం, ట్రిప్ రిజిస్టర్. మీ దగ్గరున్న కారు గేటు దాటిన ప్రతిసారీ ఎందుకు వెళ్లింది, ఎవరు నడిపారు, ఎప్పుడు వెళ్లి ఎప్పుడొచ్చింది, ఎన్ని కిలోమీటర్లు, ఇవన్నీ ఎలక్ట్రానిక్‌గా నమోదు చేయాలి. ట్రయల్‌కు, మెకానిక్ దగ్గరికి, పెయింటింగ్‌కు, ప్రదర్శనకు తీసుకెళ్లొచ్చు. యార్డులో ఇన్నోవా ఉంది కదా అని చుట్టాల పెళ్లికి తీసుకెళ్లడం కుదరదు. మొదట్లో ఇది చాదస్తంగా అనిపించింది నాకు. ట్రయల్‌కు వెళ్లిన పిల్లాడు సిగ్నల్ దాటి చలాన్ తెచ్చినప్పుడు, ఆ సమయానికి స్టీరింగ్ ఎవరి చేతిలో ఉందో రిజిస్టర్‌లో కనిపించాక అనిపించడం మానేసింది.

డబ్బు, ఇన్సూరెన్స్

కరెంట్ అకౌంట్ సంగతి ఇప్పుడు. కార్ల బజార్లో నగదు అంటే ముద్దు. కానీ ఒక బేరంలో రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నేరుగా జరిమానా, ఎంత తీసుకుంటే అంత. కొనేటప్పుడు ఒకరికి ఒకరోజులో పదివేలకు మించి నగదు ఇస్తే ఆ ఖర్చును వ్యాపార ఖర్చుగా ఒప్పుకోరు, అంటే నాలుగు లక్షలు నగదుగా ఇచ్చి కొన్న కారు లెక్కల్లో ఊరికే వచ్చినట్టు చూసి మొత్తం మీద పన్ను అడుగుతారు. పది లక్షలు దాటిన కారు అమ్మితే కొనేవాడి దగ్గర ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాడు వసూలు చేసి కట్టే ఆదాయపు పన్ను) తీసుకుని కట్టాలి. పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ అయితే ఇది మొదటినుంచే, సొంత పేరు మీద చేస్తుంటే అంతకుముందు ఏడాది టర్నోవర్ కోటి దాటినప్పుడు.

యార్డులో ఉన్న కార్లకు వాటి సొంత ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకోవద్దు, సగం కార్లకు అది పాత ఓనరు పేరు మీదే ఉంటుంది, కొన్నిటికి అయిపోయి ఉంటుంది. మోటార్ ట్రేడ్ పాలసీ అని డీలర్ల కోసమే ఒకటుంది, జాగా లోపల జరిగే నష్టానికి ఒక రకం, రోడ్డు మీద తిప్పేటప్పటికి ఇంకో రకం. ఇన్సూరెన్స్ ఏజెంటుకు ఆ పేరే చెప్పి అడగండి. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, కొనేవాడికి బదిలీ కాదని కూడా ముందే చెప్పండి, తర్వాత వచ్చి మిమ్మల్నే తిడతాడు.

అమ్మిన రోజు

డెలివరీ నోటు మీద తేదీతో పాటు గంట, నిమిషం రాయండి, మీటర్ రీడింగ్ రాయండి, కారు ముందు కొన్నవాడిని నిలబెట్టి నంబరు ప్లేటు కనిపించేలా ఫొటో తీయండి. ఆధార్, పాన్ కాపీలు ఫైల్లో. ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు అదేరోజు పెట్టేయండి, "రేపు చేయించుకుంటా అన్నా" అన్నవాడికి తాళం రేపే ఇవ్వండి. బేరం పోతుందేమో అని భయపడితే, ట్రాన్స్‌ఫర్ ఫీజు ముందే ధరలో కలిపి చెప్పండి, అప్పుడు వాడికి వాయిదా వేయడానికి కారణం ఉండదు. కొత్త ఆర్సీ వచ్చాక దాని ఫొటో పాత ఓనరుకు వాట్సాప్ చేయండి. నేను మొదట పంపింది ఆ టీచరుగారికే, ఆ స్విఫ్ట్‌ది.